ఐసీయూలో ఏ ఫైర్ సిలిండర్ పెట్టాలి? నాలుగు రకాల మంచీ చెడూ

ఫైర్ ఎన్వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) కోసం నర్సింగ్ హోమ్‌లు ఎక్కువగా కొనేది ఆరు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్లే. ఒకేసారి డజను తెచ్చి, రిసెప్షన్ నుంచి పసికందుల ఐసీయూ (ఎన్ఐసీయూ) దాకా గోడలన్నిటికీ అవే తగిలిస్తారు. చవక, ఎక్కడైనా దొరుకుతాయి, రీఫిల్లింగ్‌కూ ఇబ్బంది లేదు. కారిడార్‌కి, రికార్డు గదికి, జనరేటర్ గదికి మేమూ అవే కొనమంటాం. ఐసీయూ లోపలికి మాత్రం వద్దు.

ఆ పౌడర్‌లో ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. పిన్ను లాగి నొక్కితే పదిహేను ఇరవై సెకన్లలో సిలిండర్ ఖాళీ అయి, గదంతా పొడి కమ్ముకుంటుంది. మంచం కనపడదు, దాని మీదున్న మనిషికి ఊపిరాడదు. మంట ఆరాక కూడా ఆ పొడి వెంటిలేటర్ ఫ్యాన్ గుండా లోపలికి పోయి, తేమ తగిలితే సర్క్యూట్ బోర్డులను తినేస్తుంది. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో మంటలు లేచి పదిమంది పసికందులు పోయారు. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ మెడికల్ కాలేజీలో మంటలు లేచిన రాత్రే మరో పదిమంది. రెండుచోట్లా మంట పుట్టింది పిల్లల వార్డులోనే. అందుకే వార్డు లోపల ఏది తగిలించామన్నది ఇంత ముఖ్యం.

పౌడర్ వద్దంటే చాలామంది సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) వైపు వెళ్తారు. కరెంటు మంటకు మంచిదే, మరకా మిగలదు. యూపీఎస్ గదికి, ఎలక్ట్రికల్ ప్యానెల్‌కి ఇంతకు మించింది అక్కర్లేదు. ఐసీయూ క్యూబికల్‌లో మాత్రం లెక్క వేసుకోవాలి. 4.5 కిలోల సీఓటూ విచ్చుకుంటే దాదాపు రెండున్నర ఘనపు మీటర్ల వాయువు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో అది తొమ్మిది శాతానికి దగ్గర. ఆ గాలిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. పైగా వాయువు చెదిరిపోయాక కాలిన పరుపు మళ్లీ రాజుకుంటుంది. వాడేటప్పుడు వాయువు బయటికొచ్చే నల్లటి హారన్‌ను చేత్తో పట్టుకోకూడదు. మైనస్ 78 డిగ్రీల చలికి చర్మం అంటుకుపోతుంది, హారన్ వెనకున్న పిడినే పట్టుకోవాలి.

ఐసీయూ, ఎన్ఐసీయూలకు మా ఓటు క్లీన్ ఏజెంట్‌కే, అంటే పొడి, మరక మిగల్చకుండా ఆవిరైపోయే రసాయనానికే. నర్సులు ఒంటిచేత్తో దించగలిగే రెండు కిలోల సైజు చాలు. ధర పౌడర్ కంటే బాగా ఎక్కువే, కానీ ఒక్క మానిటర్ మిగిలినా ఆ తేడా పూడిపోతుంది. లోపమూ ఉంది. పెద్ద మంట మీద కొడితే ఆ రసాయనం విడిపోయి ఘాటైన ఆమ్ల వాయువు పుడుతుంది. కాబట్టి మంట చిన్నగా ఉన్నప్పుడే వాడాలి, ఆరాక రోగులను ఆ గదిలో ఉంచకూడదు.

ఆపరేషన్ థియేటర్‌కి వాటర్ మిస్ట్ నచ్చింది. అక్కడ అంటుకునేది గుడ్డ, రోగి మీద కప్పే డ్రేప్, దూది. వాటిని చల్లార్చేది నీళ్లే. ఇందులో పోసేది డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు, సన్నటి తుంపరగా వస్తాయి కాబట్టి కరెంటు పరికరాల దగ్గరా, చెప్పిన దూరం పాటిస్తే, భయం లేదు. చిక్కంతా రీఫిల్లింగ్ దగ్గరే: కుళాయి నీళ్లు పట్టి సీలు వేసిస్తే ఆ భద్రత పోయినట్టే. నింపేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఎంఆర్ఐ గదికి వేరే సిలిండర్ కావాలి. ఆ గదికి పనికొస్తుందని దాని మీద రాసి ఉండాలి. కరెంటు తీసినా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది, మామూలు ఇనుప సిలిండర్‌ను చేతుల్లోంచి లాక్కుపోతుంది.

ఏది కొన్నా ఐఎస్ 15683 నంబరు, ఐఎస్ఐ గుర్తు చూడండి. నెలనెలా చేసే చెకింగ్ కార్డు మీద సంతకంతో సరిపెట్టొద్దు. పౌడర్ గేజ్ ముల్లు ఆకుపచ్చలోనే ఉన్నా, లోపల పొడి గడ్డకట్టి ఉంటే గ్యాస్ ఒక్కటే తుస్సుమని పోతుంది. ట్రయల్ కోసం ఒక్కసారి నొక్కిన సిలిండర్‌ను మళ్లీ గోడకు పెట్టకూడదు. వాల్వ్ సీటులో పొడి రేణువులు ఇరుక్కుని, తెల్లారేసరికి ప్రెషర్ దిగిపోతుంది. సీఓటూకి గేజే ఉండదు, కాటా మీద పెట్టాలి, లోపలి వాయువు పది శాతం తగ్గితే రీఫిల్లింగ్‌కి పంపాలి. పిన్ను ఊడిపోకుండా టేపు చుట్టడం, ఇనుప తీగతో కట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. వేలితో లాగితే తెగే పలచటి ప్లాస్టిక్ సీలే ఉండాలి.

ఆక్సిజన్ పారుతున్నంతసేపూ ఈ నాలుగింట్లో ఏదీ పూర్తిగా పనిచేయదు. ఆ వార్డుకు ఆక్సిజన్‌ను ఆపేందుకు గోడలో అద్దం వెనకుండే జోన్ వాల్వ్‌ను కట్టేయాలి. అంతకుముందే వెంటిలేటర్ మీదున్నవాళ్లకు చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ అందాలి. ఏ షిఫ్టులో ఎవరు కట్టాలో పేరు రాసి ఆ వాల్వ్ డబ్బా పక్కనే అంటించండి. దాని ముందు మందుల ట్రాలీ నిలిపి ఉంటే ముందు అది తీయించండి.