సీతానగరం రోడ్డు పక్క చేపలక్క

మేం ఉండేది విజయవాడ వన్‌టౌన్‌లో. ఆదివారం ఏడింటికల్లా ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు వెళ్తాను. అక్కడ రోడ్డు పక్కన టార్పాలిన్ కింద కత్తిపీటతో కూర్చునే అక్క దగ్గరే రెండేళ్లుగా చేపలు కొంటున్నాను.

తూకం వేసే ముందు "మొప్ప ఎత్తి చూడు తమ్ముడూ" అని తనే అంటుంది. మొప్ప ఎర్రగా ఉండాలి, కన్ను మెరవాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఒకసారి నేను ఏరుకున్న బొచ్చె చేపని పక్కన పెట్టేసి, "ఇది నిన్నటిది, వద్దులే" అంది. ఆ రోజు నుంచి ఇంకో చోటికి వెళ్లలేదు.

కొర్రమేనైతే తొట్లోంచి బతికున్నదే తీస్తుంది. బూడిద పూసి, బండ మీద రుద్ది జిగురంతా వదిలిస్తుంది. చేదు తిత్తి చితక్కుండా లాగడం చూసి తీరాలి, అది పగిలితే కూరంతా చేదే. ముక్కలు మాత్రం పెద్దవి కొడుతుంది, వేపుడికైతే ముందే చెప్పండి. తొమ్మిది దాటాక వెళ్తే మంచివి మిగలవు.

ఇంట్లో రాళ్లుప్పు, పసుపుతో రెండుసార్లు కడుగుతాం. పులుసు అమ్మదే. వెడల్పాటి మట్టి దాకలో ముక్కలు పడ్డాక గరిటె పెట్టనివ్వదు, దాక అంచులు పట్టుకుని తిప్పడమే. దించే ముందు చిటికెడు మెంతిపిండి. ఒక్క ముక్క కూడా విరగదు. రాత్రి మిగిలింది సోమవారం పొద్దున వేడన్నంలో వేసుకుంటే, పులుపు ముక్క లోపలిదాకా పట్టి ఉంటుంది.