టోనీ హాన్‌కాక్: ముందు ఏ సినిమా చూడాలి?

బీబీసీ టీవీ కామెడీతో బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన టోనీ హాన్‌కాక్ హీరోగా చేసిన సినిమాలు రెండే.

ది రెబెల్ (1961): రంగుల సినిమా. బొమ్మలు గీయడం రాకపోయినా తాను మహా చిత్రకారుణ్నని నమ్మి, లండన్‌లో గుమాస్తా ఉద్యోగం వదిలి పారిస్ వెళ్లే మనిషి కథ. రాసింది ఆయన టీవీ రచయితలు గాల్టన్, సింప్సన్. నవ్వు వెంటనే వస్తుంది.

ది పంచ్ అండ్ జూడీ మ్యాన్ (1963): బ్లాక్ అండ్ వైట్. సముద్రం ఒడ్డున చేతిబొమ్మలు ఆడించేవాడు, హోదా కోరుకునే భార్య. నడక నెమ్మది, ఓపిక కావాలి. కానీ ఆ ఐస్‌క్రీం సీన్! పక్కనున్న పిల్లాణ్ని చూస్తూ, అచ్చం వాడిలాగే తింటాడు. నాకైతే సినిమాకి ప్రాణం అదే.

నలుగురితో కూర్చుని చూడాలంటే మొదటిది. హాన్‌కాక్ ముఖంలోని దిగులు ఇప్పటికే నచ్చినవాళ్లకు రెండోది.