ఏసీ ఆపితే సరుకేమవుతుంది?

అమెరికన్ డిటెక్టివ్ టీవీ సిరీస్ 'కొలంబో' 69 ఎపిసోడ్లలో ఒక్కటే చూసే టైముంది, ఏది చూడమంటావని ఎవరడిగినా పదేళ్లుగా నాది ఒకటే జవాబు: 1973లో వచ్చిన 'ఎనీ ఓల్డ్ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్'. దాని క్లైమాక్స్ ఎవరూ ముందుగా పసిగట్టలేరని కూడా గట్టిగా చెప్పేవాణ్ణి. మొన్న వేసవిలో ఐదోసారి చూశాక ఆ రెండో మాట వెనక్కి తీసుకున్నాను. చివరిదాకా చెప్పేస్తున్నాను కాబట్టి చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, ఈ సిరీస్‌లో అది మామూలే. ఏడ్రియన్ కార్సినీకి వైన్ అంటే ప్రాణం. వైన్ తయారుచేసే వైనరీ మాత్రం సవతి తమ్ముడి పేరున ఉంది, అతనేమో అమ్మేస్తానంటాడు. కోపంలో తమ్ముడి తల మీద కొట్టి, వైన్ సీసాలు దాచే సెల్లార్‌లో కట్టి పడేసి, ఏసీ ఆపి, తను వేలంపాటకి న్యూయార్క్ వెళ్లిపోతాడు. తమ్ముడు ఊపిరాడక చనిపోతాడు. తిరిగొచ్చి శవానికి స్కూబా డ్రెస్ తొడిగి సముద్రంలో పడేస్తాడు.

ఈసారి పక్కన అమ్మ కూర్చుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి నేను మధ్యమధ్యలో చెబుతున్నాను. కార్సినీ ఏసీ ఆపాడో లేదో, "ఏరా, మరి లోపలున్న సరుకు పాడైపోదూ?" అంది.

నాలుగుసార్లు చూశాను, నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. నా దృష్టంతా కట్టేసిన మనిషి మీదే. అమ్మ దృష్టి సీసాల మీదుంది. ఆవిడ ఆవకాయ జాడీ మూత తీసి ఒక్కసారి వాసన చూసి "ఎవరో తడి గరిటె పెట్టారు" అని తేల్చేసే రకం. కథంతా తిరిగేదీ అక్కడే. కార్సినీ ఊళ్లో లేనప్పుడు ఒకరోజు ఎండ వంద ఫారెన్‌హీట్ దాటింది, అంటే మన రోహిణి కార్తె అన్నమాట. ఏసీ లేని సెల్లార్‌లో జీవితమంతా కూడబెట్టిన వైన్ ఉడికిపోయింది.

ఇక రెస్టారెంట్ సీన్. కార్సినీ సొంత సెల్లార్‌లోని 1945 నాటి పోర్ట్ (ఒక రకం తీపి వైన్) సీసాని పోలీసు డిటెక్టివ్ కొలంబో అక్కడ ఆయనకే, తనదని చెప్పకుండా, పోయిస్తాడు. కార్సినీగా చేసిన డొనాల్డ్ ప్లెజెన్స్ ఒక్క గుక్క తాగుతాడు. ముఖం ముడుచుకుపోతుంది. తర్వాత వేడికి చెడిపోయిందని వెయిటర్ల మీద విరుచుకుపడతాడు. నోరు మూసుకుని మింగేస్తే బతికిపోయేవాడు. కానీ పాడైన వైన్ తాగి ఊరుకోవడం ఆ మనిషి వల్ల కాదు. అమ్మ "చెప్పానా" అనేసి పల్లీల గిన్నె దగ్గరకు లాక్కుంది. ట్రిక్ ముందే తెలిసిపోయినా సీన్ చప్పబడలేదు. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నది ట్రిక్‌నే అనుకున్నాను, నిజానికి నన్ను పట్టేసింది ఆ ముఖం.

కార్సినీ సెక్రటరీ సంగతి మాత్రం ఇప్పుడు మింగుడుపడట్లేదు. జూలీ హారిస్ చేసిన కేరెన్ ఏళ్లపాటు చాకిరీ చేసి, ఆయన కోసం అబద్ధమాడి, చివరికి పెళ్లి చేసుకోమని ఇరికిస్తుంది. పెళ్లి కన్నా జైలే నయమన్నట్టు కార్సినీ మాట్లాడితే నేను ఇన్నాళ్లూ నవ్వేవాణ్ణి. "ఆవిడ జీతమూ జీవితమూ రెండూ అక్కడే పోయాయి కదరా" అంది అమ్మ. నవ్వు రాలేదు. మొదటి అరగంట సాగుతుంది కూడా, గంటన్నర దాటే ఎపిసోడ్ మరి.

మార్కులు వేయమంటే నా మాట పూర్తిగా నమ్మకండి. నేను వైన్ తాగను, చూసింది మే నెల మధ్యాహ్నం, కరెంటు రెండుసార్లు పోయింది. కారులో కూర్చుని హంతకుడూ పోలీసూ ఒకే సీసా పంచుకునే ఆఖరి సీన్ మొదలయ్యేటప్పుడే రెండోసారి పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోపు అమ్మ లేచి ఫ్రిజ్‌లో పాలు విరిగాయేమో చూడ్డానికి వెళ్లింది.