పాత నవల ప్రతి చేతికివ్వాలా, స్కాన్ పంపాలా?

హనుమకొండ, కాజీపేట నవలాభిమానులం కలిస్తే మొదటి మాట "ఇప్పుడేం చదువుతున్నవ్?" రెండోది "నాకిస్తవా?" అక్కడే చిక్కు.

ఖర్చు: ప్రతి ఇస్తే బస్సు చార్జీ. స్కాన్‌కి డేటా, అంతే.

శ్రమ: ప్రతి అయితే వంతు కోసం నెలలు ఆగాలి. స్కాన్ ఒకేసారి పదిమందికి చేరుతుంది, చదివేది మాత్రం ఇద్దరే.

రిస్కు: పాత కాగితం మడతపెడితే విరుగుతుంది. నా పుస్తకం ఒకటి అట్టలేకుండా తిరిగొచ్చింది, ఎవరిని అడిగినా "నేను కాదక్కా" అన్నారు. స్కాన్‌కి ఆ భయం లేదు, కాపీరైట్ హక్కుల సంగతే చూసుకోవాలి. మనదేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. అడివి బాపిరాజు 1952లో పోయారు, అంటే కాకతీయుల కాలం కథతో ఆయన రాసిన నవల 'గోన గన్నారెడ్డి'ని 2013 నుంచి నిశ్చింతగా పంచుకోవచ్చు. తర్వాతి తరం రచయితలవైతే ప్రతే ఇవ్వండి.

నప్పేది: కళ్లు అలిసే పెద్దవాళ్లకు, మార్జిన్‌లో పాత పాఠకుల రాతలంటే ఇష్టమున్నవాళ్లకు ప్రతి. కరీంనగర్‌లో ఉన్న చెల్లెలికి, తిరిగివ్వని బంధువుకు స్కాన్.

ఓరుగల్లు కోటలో కూర్చుని చదవాలంటే మాత్రం నేను పుస్తకమే పట్టుకెళ్తాను. ఎండలో ఫోన్ తెర కనబడి చావదు.