ఉకయాలి తీరపు మూలికా వైద్య విడుదులు: కషాయం తాగకుండా చూసినవి

పెరూ దేశపు అమెజాన్ అడవిలో ఆయవాస్కా అనే, దృశ్యాలు కనిపింపజేసే మూలికా కషాయపు వైద్యం కోసం వెళ్ళేవారు ఎక్కువగా దిగే ఊళ్ళు రెండు. ఒకటి లొరెటో ప్రాంతంలోని ఇకిటోస్, రెండవది ఉకయాలి ప్రాంతపు రాజధాని పుకల్పా. ఇకిటోస్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలో గాని, నదిమీద రోజుల తరబడి సాగే పడవలో గాని చేరుకోవాలి. పుకల్పాకు లిమా నుంచి ఆండీస్ కొండలు దాటి బస్సులు నడుస్తాయి కాని, ఆ మలుపుల దారికి ఓపిక లేనివారికి గంటకు కాస్త మించిన విమాన ప్రయాణమే మేలు. మేము రెండు ఊళ్ళనూ చూశాము. చికిత్స మా బావమరిదికి. ఏళ్ళ తరబడి నిద్ర పట్టక, డాక్టర్లందరూ అయిపోయాక, అమెరికాలోని స్నేహితుల మాట విని బయలుదేరాడు. నేను తోడుగా వెళ్ళినవాడిని. మనోవ్యాకులతకు సెర్ట్రలిన్ మాత్ర వాడుతున్నందువల్ల కషాయం ముట్టకూడదని ముందే తెలుసుకున్నాను. అందుచేత ఇక్కడ చెప్పబోయేవన్నీ పక్కన కూర్చుని చూసినవాడి మాటలు.

ఈ మాత్ర సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ విడిది మంచిదో తేల్చుకోవడానికి నాకు పనికివచ్చిన మొదటి గీటురాయి అదే. ఆయవాస్కా ఒకే మొక్కతో చేసేది కాదు. బానిస్టీరియాప్సిస్ కాపీ అనే తీగను, చక్రూనా అనే పొద ఆకులను కలిపి కాస్తారు. ఆ దృశ్యాలకు కారణమైన డీఎంటీ అనే పదార్థం ఆకులో ఉంటుంది. దాన్ని విడిగా మింగితే కడుపులోని, కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది; తీగలోని హార్మీన్, హార్మలీన్ ఆ ఎంజైమును కాసేపు నిలిపివేస్తాయి కనుకనే కషాయం పనిచేస్తుంది. మనోవ్యాకులతకు ఇచ్చే చాలా మాత్రలు సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచేవి కాబట్టి, ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు. గుండె జబ్బు ఉన్నవారికి, తమకో తమ కుటుంబంలోనో తీవ్రమైన మానసిక రుగ్మతల చరిత్ర ఉన్నవారికి కూడా ఇది ప్రమాదమే. కషాయం కోసం మాత్రలు మానేయడం సొంతంగా తీసుకోదగిన నిర్ణయం కాదు. కొన్ని మందుల ప్రభావం మానేసిన తరువాత కూడా వారాల పాటు ఒంట్లో నిలిచి ఉంటుంది.

ఇకిటోస్ నడిబొడ్డున ఉన్న ఒక బసలో గది తీసుకున్న సాయంత్రమే గుమాస్తా మా దగ్గరికి వచ్చి, ఆ రాత్రికే ఊరి శివార్లలో కషాయం ఏర్పాటు ఉందని, మోటోకార్రో (మన ఆటో వంటి మూడు చక్రాల బండి) ఖర్చుతో సహా అందులోనే వచ్చేస్తుందని చెప్పాడు. మీకేమైనా జబ్బులున్నాయా, ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్న అతని నోట రాలేదు. వైద్యుడు ఎవరని నేనే అడిగితే, పేరు చెప్పకుండా "చాలా పెద్ద షామన్", అంటే మంత్రవైద్యుడు, అన్నాడు. ఇలాంటి ఏర్పాట్ల గురించి ఇంతకంటే రాయవలసినది లేదు. వద్దనుకుని గదిలోకి వెళ్ళిపోయాము.

మరుసటి ఉదయం బెలేన్ బజారులోని పసాహే పకీతో అనే సందు చూశాము. మూలికల దుకాణాలకే పేరుపడిన సందు అది: ఎండబెట్టిన బెరళ్ళు, ఎర్రటి చెట్టు జిగురు సీసాలు, సారాలో నానబెట్టిన వేళ్ళు, మపాచో అనే ఘాటైన అడవి పొగాకు చుట్టలు. ఆ ఎర్రటి జిగురు సాంగ్రె దె గ్రాదో అనే చెట్టుది. గాయాలకు, విరేచనాలకు అక్కడివారు తరతరాలుగా వాడుతున్న ఆ జిగురు నుంచి తీసిన క్రోఫెలెమర్ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో అనుమతి ఇచ్చింది. ఆయవాస్కా ఒక్కటే అమెజాన్ వైద్యం అనుకునే మనవంటి యాత్రికులు ఈ సందులో ఒక పూట గడపడం మంచిది.

ఇకిటోస్ నుంచి నౌటాకు వెళ్ళే రోడ్డుకు ఎడంగా, అడవిలోకి కొంత నడిచి చేరవలసిన ఒక విడిదిలో మేము ముందుగా దిగాము. యజమానులు విదేశీయులు. వారం రోజులకు వెయ్యి డాలర్లకు పైగా తీసుకుంటారు. ఏర్పాట్లలో వంక పెట్టడానికి పెద్దగా లేదు: ఎవరి గుడిసె వారికి, మంచి దోమతెర, సౌర దీపం, వాసన రాని మరుగుదొడ్లు, ఇంగ్లీషులో అన్నీ విడమరచి చెప్పే సహాయకులు, ఆడవారికి తోడుగా ఉండేందుకు మహిళా సహాయకురాలు. ఈ చివరిదాన్ని తేలికగా తీసుకోకూడదు. వైద్యం పేరిట ఆడవారిపై చేతులు వేసిన సంఘటనలు ఈ రంగంలో అనేకం బయటికి వచ్చాయి, ఒంటరిగా వెళ్ళే మహిళలు దీన్ని ముందే అడిగి తెలుసుకోవాలి. రావడానికి వారాల ముందే ఆరోగ్య వివరాల పత్రం పంపి, నా జవాబు చదివి, మీకు కషాయం ఇవ్వము, కావాలంటే వచ్చి కూర్చోవచ్చు అని రాతపూర్వకంగా చెప్పారు. ఆ ఒక్క ఉత్తరంతో వారిమీద నాకు గౌరవం కలిగింది.

అయితే అక్కడ నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. పాడేవారు, వైద్యం చేసేవారు అందరూ ఉకయాలి నుంచి తీసుకువచ్చిన షిపిబో-కోనిబో అనే ఆదివాసీ జాతివారు. వారు భోజనం చేసే పాక వేరు, మేము భోజనం చేసే శాల వేరు. మా ప్రశ్నలకు సమాధానాలన్నీ సహాయకుల నోటి నుంచే వచ్చేవి. ఆ షిపిబో వైద్యులకు ఇందులో ఎంత ముడుతుందని ఒక సాయంత్రం మర్యాదగానే అడిగాను. అది లోపలి విషయమని చెప్పి మాట మార్చారు. జనం ఎక్కువ కావడంతో రాత్రి ఒక్కొక్కరి ముందు వైద్యురాలు కూర్చుని పాడే సమయం కూడా తగ్గిపోయింది. మా బావమరిది వంతు రాకముందే తెల్లవారుతుందేమోనని భయపడ్డాను.

అక్కడి నుంచి పుకల్పా చేరాము. ఊరి నుంచి మోటోకార్రోలో యారినకోచా సరస్సు ఒడ్డున ఉన్న ప్వెర్తో కయావో రేవుకు, అక్కడినుంచి పెకెపెకె అని పిలిచే చిన్న ఇంజను పడవలో సాన్ ఫ్రాన్సిస్కో అనే షిపిబో ఊరికి వెళ్ళాలి. వానలు లేని కాలంలో మట్టి రోడ్డు కూడా ఉంది కాని, పడవ ప్రయాణమే హాయి. యారినకోచా ఒకప్పటి ఉకయాలి నది వంపు. నది దారి మార్చుకోగా మిగిలిపోయిన నీరు. ఈ ఊళ్ళోనే ఒక వైద్యురాలి కుటుంబం నడిపే ఇంట్లో మేము ఎక్కువ కాలం ఉన్నాము. ఖర్చు ఇకిటోస్ విడిదితో పోలిస్తే నాలుగోవంతు కూడా కాలేదు.

వసతి గురించి దాపరికం లేకుండా చెప్పాలి. చెక్క నేల, తాటాకు వంటి ఆకుల కప్పు, పలచని పరుపు. స్నానానికి బకెట్ నీళ్ళు. కరెంటు పోయినప్పుడల్లా కొవ్వొత్తి. రాత్రిపూట పక్క వీధి చర్చిలో మైకు మోగితే ఈ ఇంటి పాటలోకి అది కూడా వచ్చి కలిసేది. ఇంగ్లీషు ఎవరికీ రాదు. వైద్యురాలి కొడుకు స్పానిష్‌లో చెబితే, నాకు వచ్చిన అరకొర స్పానిష్‌తో బావమరిదికి తెలుగులో చెప్పేవాడిని. ఆరోగ్య పత్రాలేమీ లేవు. కాని మొదటి రోజు సాయంత్రం ఆమె మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం తింటారు, ఎలా నిద్రపోతారు, ఏ మాత్రలు వేసుకుంటారు, వాటి డబ్బాలు చూపించండి అని అడిగింది. నా సెర్ట్రలిన్ డబ్బా కొడుకు చేత చదివించుకుని, "మీరు తాగవద్దు. నేను తాగి చూస్తాను" అంది. నా మొహంలో నిరాశ కనిపించిందేమో, తన అమ్మమ్మ కాలంలో రోగులు తాగేవారు కారని, తాగి జబ్బు ఎక్కడుందో చూడడం వైద్యుల పని అని నవ్వుతూ చెప్పింది. షిపిబోల పాత పద్ధతి అదే. వచ్చినవారందరి చేతా తాగించడం ఎక్కువగా యాత్రికుల రాకతో వ్యాపించిన అలవాటు. ఆపద వస్తే ఏం చేస్తారని అడిగితే, ఇంటి వెనక కట్టి ఉంచిన పడవను, యారినకోచాలోని ఆసుపత్రికి చేర్చే కారు డ్రైవరు నంబరును చూపించారు. ఇకిటోస్ అడవిలో మంచి గుడిసె ఉన్నా, చీకట్లో రోడ్డు దాకా నడవాలి.

కషాయం కాచే రోజు నన్ను కూడా పనిలో పెట్టుకున్నారు. మణికట్టు లావున్న తీగ ముక్కలను చెక్క సుత్తితో నార విడిపోయేదాకా దంచాలి. పెద్ద అల్యూమినియం పాత్రలో దంచిన తీగ ఒక వరుస, చక్రూనా ఆకు ఒక వరుస పేర్చి, నీళ్ళు పోసి, పొద్దున వెలిగించిన కట్టెల పొయ్యిమీద సాయంత్రం దాకా మరిగిస్తారు. వడకట్టి మళ్ళీ మరిగిస్తే చివరికి చిక్కటి చింతపండు గుజ్జు రంగుకు వస్తుంది. పొయ్యి దగ్గర కూర్చున్నవారు మపాచో పొగను పాత్రలోకి ఊదుతూ పాడుతుంటారు. ఆ తీగ ఇంటి వెనక పెరిగినదే. కోతకు రావడానికి ఏళ్ళు పడుతుంది కనుక, గిరాకీ పెరిగిన చోట్ల అడవి తీగ తరిగిపోతోంది; తీగను నాటుకునే ఇల్లా, కొనుక్కునే ఇల్లా అన్నది అడగదగిన ప్రశ్న. కషాయంలో తోయె అనే ఉమ్మెత్త జాతి మొక్కను కలుపుతారా అన్నది అంతకంటే ముఖ్యంగా అడగాలి. అది కలిపిన కషాయం చాలా ప్రమాదకరం. మా వైద్యురాలు ఆ మొక్కను చూపించి, దీన్ని ఎవరైనా మీకు పోస్తే లేచి వచ్చేయండి అని చెప్పింది.

రాత్రి మలోకా అనే గుండ్రటి పాకలో, దీపాలు ఆర్పాక, ఎవరి పరుపు దగ్గర వారికి ఒక బకెట్. ఆమె తాగి, తాగవలసినవారికి పోసి, ఫ్లోరిడా నీరు అనే అత్తరు చల్లి, చాలాసేపు మౌనంగా ఉంటుంది. ఆ తరువాత ఇకారోలు మొదలవుతాయి. అవి సన్నని, ఎత్తైన గొంతుతో, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో తెలియకుండా సాగే పాటలు. ఒక్కొక్క రోగి ముందు కూర్చుని వారికోసమే పాడుతుంది. వాంతులు అవుతాయి, కొందరికి విరేచనాలు కూడా. అక్కడివారు దీన్ని వైద్యంలో భాగంగానే చూస్తారు. మన ఆయుర్వేదంలో వమనం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. అందరూ తాగుతుంటే తాగకుండా కూర్చోవడం విసుగు పుట్టిస్తుందని అనుకున్నాను కాని, నా వంతులో కూడా ఆమె అందరికీ పాడినంతసేపూ పాడింది. నాకు దృశ్యాలేవీ కనిపించలేదు. పాట మాత్రం బాగుంది.

నా దృష్టిలో ఆ రాత్రులకంటే విలువైనది పథ్యం. ఉప్పు, పంచదార, కారం, నూనె, మద్యం, పంది మాంసం, దాంపత్యం అన్నీ బంద్. ఉడికించిన పచ్చి అరటికాయ, అన్నం, ముళ్ళ చేప. శాకాహారులకు కర్రపెండలం, పప్పుగింజలు. నిల్వ చీజ్, పులియబెట్టిన పదార్థాలు తీగలోని రసాయనాలతో కలిస్తే రక్తపోటు పెరగవచ్చు కనుక వాటిని అక్కడికి వెళ్ళక ముందునుంచే మానాలి. మా బావమరిది పెట్టెలోంచి ఆవకాయ సీసా బయటపడినప్పుడు వైద్యురాలి కోడలు దాన్ని వాసన చూసి, తుమ్మి, మేము వెళ్ళేరోజు ఇస్తానని అటక మీద పెట్టింది. పథ్యంతో పాటు అతనికి బోబిన్సానా అనే మొక్క కషాయాన్ని రోజూ ఇచ్చేవారు. దీనితో దృశ్యాలు రావు. మొక్క తానే నెమ్మదిగా నేర్పుతుందని వారి నమ్మకం. అతనికి నిద్ర పట్టింది. అది మొక్క వల్లనో, పాట వల్లనో, ఫోను పనిచేయకపోవడం వల్లనో నేను చెప్పలేను. ఇంటికి వచ్చాక సగం నిద్ర మాత్రమే మిగిలిందని అతనే అంటున్నాడు.

వ్యసనాలనుంచి బయటపడడానికి వెళ్ళేవారికి ఈ రెండు రకాల విడుదులూ తగవు. పెరూలోనే ఉన్న తారపోతో అనే ఊళ్ళో ఫ్రెంచి వైద్యుడు జాక్ మాబి 1992లో స్థాపించిన తకివాసి అనే కేంద్రం అందుకోసమే నడుస్తోంది. అక్కడ నెలల తరబడి ఉండాలి. అది యాత్ర కాదు.

పెరూ ప్రభుత్వం 2008లో ఆయవాస్కాకు సంబంధించిన ఆదివాసుల జ్ఞానాన్ని, సంప్రదాయిక వినియోగాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఇది సంప్రదాయానికి దక్కిన గౌరవమే గాని, బోర్డు పెట్టుకున్న ప్రతి విడిదికీ దొరికిన అనుమతి పత్రం కాదు. అమెరికా ప్రభుత్వం తన పౌరులను ఈ కషాయం విషయంలో హెచ్చరిస్తూనే ఉంది. 2018 ఏప్రిల్‌లో ఒలీవియా అరేవలో అనే వృద్ధ షిపిబో వైద్యురాలిని ఆమె ఊళ్ళోనే కాల్చి చంపారు. ఆమెను చంపాడని అనుమానించి ఒక కెనడా దేశస్థుడిని ఊరిజనం కొట్టి చంపారు. ఆ గాయం మానలేదు. బయటివారు వచ్చి, పాటలు రికార్డు చేసుకుని, నేర్చుకున్నామని చెప్పి సొంత విడుదులు తెరవడం గురించి మా వైద్యురాలి ఇంట్లో తరచుగా మాట వచ్చేది. రికార్డు చేయాలంటే ముందు అడగాలి, వద్దంటే మానాలి.

మనవారికి కొన్ని ప్రయాణ వివరాలు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి పెరూ వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాలలో ఒకటి కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే, లేదా ఆ దేశాలలో శాశ్వత నివాసం ఉంటే మినహాయింపు ఉంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు చూసుకోవాలి. పెరూ నుంచి భారతదేశానికి వచ్చేవారు పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం చూపించాలి, లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గాని ఆ పత్రం చెల్లదు. హైదరాబాద్‌లో ఈ టీకాకు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) పేరున్న చోటు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు తక్కువ, దారులు సులువు.

కషాయాన్ని సీసాలో పోసిస్తామని ఎవరు చెప్పినా తీసుకోవద్దు. డీఎంటీ 1985 నాటి మన మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం, అమెరికాలోనూ అంతే. తెచ్చుకోదగినది షిపిబో ఆడవారి కెనే బట్ట: చెట్టు బెరడు రంగులో ముంచిన నూలు గుడ్డ మీద చేత్తో గీతలు గీసి, ఇనుము ఎక్కువగా ఉన్న నది బురద పూసి కడిగితే ఆ గీతలు నల్లగా నిలిచిపోతాయి. సాన్ ఫ్రాన్సిస్కోలో గీసినవారి చేతినుంచే కొనవచ్చు. అదే బట్టకు లిమాలో ఎక్కువ ధర చెబుతారు, గీసినామెకు అందేది తక్కువ.