జీన్స్ కుడుతుందన్న మిషన్ జాకెట్ చంక దగ్గరే ఆగిపోయింది

ఆన్‌లైన్‌లో కుట్టు మిషన్ బుక్ చేద్దామని కార్ట్‌లో పెట్టుకున్నవాళ్లు ఇది చదివాక డబ్బులు కట్టండి. నాకు 5,899 రూపాయలు వదిలాయి.

మేముండేది బెంగళూరు కేఆర్ పురంలో. మా వీధిలో లైనింగ్ జాకెట్‌కి 700 తీసుకుంటారు, ఫాల్, పీకో వేరే. ఊళ్లో అమ్మ తొక్కుడు మిషన్ మీద నేర్చుకున్న చెయ్యి ఉండనే ఉంది, ఇక్కడ అద్దె ఇంట్లో అంత పెద్దది పెట్టడానికి చోటు లేదు, చిన్నది కొనుక్కుంటే తొమ్మిది జాకెట్లకే డబ్బులు తిరిగొచ్చేస్తాయని లెక్కేశాను. ఫోటోలో జీన్స్ మడతలు పెట్టి కుడుతున్నారు. హెవీ డ్యూటీ అట, 12 రకాల కుట్లట. మోటారు ఎన్ని వాట్లో మాత్రం ఎక్కడా రాయలేదు, నేనూ వెతకలేదు.

పెట్టె సోమవారం వచ్చింది. మార్చుకోవడానికి 7 రోజులు గడువు. అయితే ఆ వెంటనే అమ్మినవాళ్లు ఫోన్ చేసి, డెమో ఇచ్చే అబ్బాయి వచ్చేదాకా సీల్ తీయకండి మేడమ్, వారంటీ పోతుంది అన్నారు. బుద్ధిగా మంచం కింద పెట్టి కూర్చున్నాను. ఆ అబ్బాయి రేపు, ఎల్లుండి అంటూ తొమ్మిదో రోజు వచ్చాడు! పల్చటి కాటన్ ముక్క రెండు పొరలు వేసి గీత గీసినట్టు కుట్టి చూపించి, నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం జాకెట్ పెట్టాను. పక్క కుట్లు బాగానే పడ్డాయి. చెయ్యి అతికేటప్పుడు చంక దగ్గర పైగుడ్డ, లైనింగ్, లోపలి మడతలు అన్నీ కలిసి ఎనిమిది పొరలవుతాయి కదా, అక్కడికి రాగానే గుయ్‌మని మూలిగి ఆగిపోయింది. మందం గుడ్డలకి వాడే 16 నంబర్ సూదే వేశాను. చక్రం చేత్తో తిప్పి ఒక్కో కుట్టు దాటించాను. తిప్పి చూస్తే కింద దారం పిచ్చుక గూడులా ముద్దకట్టి ఉంది. కస్టమర్ కేర్ అమ్మాయి "టెన్షన్ చూసుకోండి మేడమ్" అంది. దారం టెన్షన్ ఎప్పుడో చూసుకున్నా తల్లీ, ఇప్పుడు నాదే పెరుగుతోంది అన్నాను.

అప్పుడు అడాప్టర్ వెనక చదివాను. 6 వోల్టులు, 1.2 ఆంపియర్లు. హెచ్చవేస్తే 7 వాట్ల పైచిలుకు. పాత జీరో బల్బు కూడా దీనికంటే ఎక్కువే లాగుతుంది. మామూలు ఇంటి కరెంటు మిషన్ల మీద 70, 85 వాట్లని రాసుంటుంది. ఇది జీన్స్ కుట్టడమా?

బాబిన్ల కోసం, అంటే కింద దారం చుట్టే చిన్న చక్రాల కోసం, చిక్‌పేట వెళ్తే షాపాయన మా బాబిన్ వేళ్ల మధ్య తిప్పి చూసి "ఇదు ఆగల్ల అమ్మా", ఇది కుదరదు అని కన్నడంలో అనేశాడు. ఆయన దగ్గరున్న ఏదీ ఇందులో కూర్చోలేదు. రివ్యూలు చూసి కొన్నావు కదా అంటారేమో, తర్వాత తీరిగ్గా చదివితే అన్నీ వచ్చిన రోజే రాసినవి, ప్యాకింగ్ సూపర్, డెలివరీ ఫాస్ట్ అని. మూడు నెలలు కుట్టాక రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

కాబట్టి డెమో కోసం ఆగకండి. వచ్చిన రోజే ఫోన్‌లో వీడియో తీస్తూ పెట్టె తెరిచి, మీరు రోజూ కుట్టే గుడ్డే ఎనిమిది పొరలు మడిచి పెట్టి చూడండి. కుట్టకపోతే ఆ వీడియోతోనే అప్పటికప్పుడు రిటర్న్ పెట్టండి. గడువు అయిపోయిందని వాళ్లు అంటే ఊరుకోకండి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మినవాళ్లు అనడానికి లేదు. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాసుకుంటారు. నేను చేశాకే వీళ్లు దిగొచ్చి వెయ్యి రూపాయల కూపన్ ఇస్తామన్నారు. వాళ్ల దగ్గరే ఇంకోటి కొనడానికట! ఒప్పుకోలేదు, ఫిర్యాదు నడుస్తోంది.

ప్రస్తుతానికి దాని మీద దిండు గలీబులు, పాప లంగా అంచులు కుడుతున్నాను, అంతవరకు పర్వాలేదు. జాకెట్లు మళ్లీ 700 ఇచ్చి వీధి చివరే. నిన్న చూస్తే అదే మిషన్ గులాబీ రంగులో, ఇంకో పేరుతో, 300 తక్కువకి కనిపించింది. జీన్స్ ఫోటో మాత్రం మార్చలేదు, ఎడమ మోకాలి దగ్గర తెల్లగా వెలిసిపోయి ఉంటుంది, అది కనిపిస్తే కొనకండి.