స్టూడియో జాడీలో తొక్కు: ఏళ్ల వాడకం తర్వాత

హనుమకొండలో ఒక సెరామిక్ కళాకారిణి చేసే ఊరగాయ జాడీలు ఏళ్లుగా వాడుతున్నాను. ముందు మెడ గురించి చెప్పాలి, ఇంత జరిగినా వాటిని వదలకపోవడానికి కారణం అదే. అంచు కింద వేలు పట్టేంత లోతుగా గాడి తీస్తుంది. వాసెన కట్టి దారం లాగితే అందులో కూర్చుంటుంది, ఇక జారదు. వరంగల్ చౌరస్తాలో కొన్న తెలుపు, గోధుమరంగు జాడీకి ఎంత బిగించి కట్టినా నాలుగు రోజులకే గుడ్డ వదులయ్యేది. మూతి కూడా చెయ్యి పట్టేంత వెడల్పు. అడుగున పేరుకున్న కారం పైకి కలిపేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. దేన్నీ మెచ్చని మా అత్తమ్మ కూడా "మంచిగ చేసింది పిల్ల" అన్నది.

గొడవంతా చిన్న జాడీతోనే. లేత ఆకుపచ్చ గ్లేజు (గాజులాంటి పైపూత), కట్టెల బట్టీలో కాల్చింది. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు చపాట మిర్చి కారంతో మామిడికాయ తొక్కు పెట్టాను. వానలు మొదలయ్యాక తీసి చూస్తే అలమరలో జిడ్డు వలయం. అడుగు అంచు చుట్టూ, గ్లేజు లేని చోట, తెల్లగా ఉప్పు పొంగి ఉంది. గోటితో గీరితే పొడిగా రాలింది. ఖాళీ చేసి కడిగితే లోపల గ్లేజు నిండా సన్నని గీతలు, ఒక్కో గీతలో ఎర్రటి నూనె. తొక్కు చెడలేదు గానీ ఊట తగ్గి పైముక్కలు ఎండుబారాయి.

తీసుకుపోయి చూపించాను. ఆమె వాదించలేదు. అడుగున గీసిన బట్టీ నంబరు చూసి నోట్‌బుక్ తీసింది. ఆ కాల్పులో కింది అరకు మంట సరిగా అందలేదు, అక్కడి కోన్ (వేడి సరిపోతే వంగిపోయే చిన్న మట్టి గుర్తు) సగమే వంగింది అని రాసుంది. ఈ స్టోన్‌వేర్ మట్టి 1200 డిగ్రీలు దాటి బాగా కాలితేనే లోపలి సందులు మూసుకుంటాయి. పైగా చల్లారేటప్పుడు మట్టికంటే గ్లేజు ఎక్కువ ముడుచుకుంటే ఇట్లా పగుళ్లిస్తుంది. ఆ గీతల్లోంచి ఉప్పు ఊట మట్టిలోకి దిగి అడుగున తేలిందన్నమాట. మళ్లీ కాల్చి ఇవ్వరాదా అంటే కుదరదంది: గోడలో ఇంకిన ఉప్పు ఆ వేడికి ఆవిరై పక్క పాత్రల మీద, అరల మీద పడుతుంది. సరే, కోన్ పూర్తిగా వంగలేదని రాసుకుని కూడా ఎందుకమ్మినట్టు?

"రంగు మంచిగొచ్చింది గదక్కా."

నా కోపం ఆ మాట మీదే. రంగు బాగుందన్నది నిజమే. గ్లేజులో ఒకటి రెండు శాతం ఐరన్ ఆక్సైడ్, బట్టీలో గాలి తగ్గించిన మంట, ఆ రెండూ కుదిరితే వచ్చే ఆకుపచ్చ అది. కానీ నేను కొన్నది షోకేసులోకి కాదు.

బదులుగా గ్యాస్ బట్టీలో కాల్చిన నల్లటి జాడీ ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. అది ఇప్పటిదాకా చుక్క కారలేదు. ఆమె పని నేర్చుకున్నది పుదుచ్చేరిలో, 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో శిక్షణ పొందిన ఒకరి దగ్గర. మొదట్లో అన్నీ కప్పులు, గిన్నెలు, జాడీలే. 2018లో జైపూర్‌లో జరిగిన మొదటి ఇండియన్ సెరామిక్స్ ట్రినాలే అనే సెరామిక్ కళా ప్రదర్శన చూసొచ్చాక ధ్యాస గోడకు తగిలించే పెద్ద పలకల మీదకు మళ్లింది. వాటికి పేరొస్తోంది, సంతోషమే. మాకు మాత్రం జాడీ కావాలంటే నెలల తరబడి ఎదురుచూపు.

చుక్క కూడా పీల్చని మట్టి అని చెప్పి చుట్టాల చేత కొనిపించాను; ఆ మాట ఇప్పుడు గ్యాస్ బట్టీ వాటికే చెప్తున్నాను. మెడ గాడిలో కూడా నూనె చేరుతుంది, పాత టూత్‌బ్రష్ లేకపోతే వదలదు.

మా ఇంట్లో ముగ్గురమే, రెండు కిలోల తొక్కు ఏడాదికి సరిపోతుంది కాబట్టి నాలుగింతల ధర పెట్టగలిగాను. పదేసి కిలోలు పెట్టే ఇంటికైతే చౌరస్తా జాడీయే నయమేమో. ఈమె దగ్గరే కొనేట్టయితే ఉప్పునీళ్లు పోసి, కింద పేపరేసి, నాలుగు రోజులు ఉంచి ఇవ్వమనండి. ఊరగాయకని చెప్తే ఇప్పుడు అడగకుండానే అట్లా చేసి ఇస్తోంది. చెప్పకపోతే మాత్రం రంగు చూసే ఇస్తుంది.